అగ్గిపెట్టె కొలత

కోవిల్‌పట్టిలో మా అత్త ఇంటి లెక్కలు తెలుగులో మొదలై తమిళంలో తేలతాయి. "ఈ వారం దుడ్డు ఎంత మిగిలింది?" అని తెలుగులో తనను తాను అడుగుతుంది. కూడికా తీసివేతా వచ్చేసరికి పెదవులు తమిళంలో కదులుతాయి. ఆ ప్రాంతంలో ఇది వింతేమీ కాదు. దగ్గర్లోని ఇడైసెవల్‌లో పుట్టిన రచయిత కి. రాజనారాయణన్ ఇంట్లో మాట్లాడింది తెలుగు, 'గోపల్ల గ్రామం' రాసింది తమిళంలో. కరిసల్ నేల, అంటే మన నల్లరేగడి, మీద తరాలుగా స్థిరపడ్డ తెలుగువాళ్లకు నోరు ఒక భాషది, బడి ఒక భాషది. ఇబ్బందల్లా ఒకే ఒక్క మాటతో. వడ్డీని తమిళంలో 'వట్టి' అంటారు. బ్యాంకు వాళ్లు పాసుపుస్తకంలో వేసిన వట్టిని చూసి, అది నిజంగా వట్టిదే అని అత్త తెలుగులో నవ్వుతుంది.

ఆ నవ్వులో ఎంత నిజముందో తేల్చడానికి కోవిల్‌పట్టిలోనే దొరికే కొలబద్ద ఒకటుంది. అదే, ఆ ఊరి కార్ఖానాల్లో తయారయ్యే అగ్గిపెట్టె.

ధరలు పెరుగుతున్నాయని అందరికీ తెలుసు. ఏడాదికి ఎంత శాతం అని అడిగితే మాత్రం ఎవరి లెక్క వారిది. కూరగాయలు కొనేవాడు ఇరవై అంటాడు, ప్రభుత్వం అంతకంటే చాలా తక్కువ అంటుంది. అగ్గిపెట్టె ఇలా దోబూచులాడదు. 2007లో అర్ధ రూపాయి నుంచి రూపాయి అయింది. పద్నాలుగేళ్లు అక్కడే నిలబడింది. తర్వాత ఐదు తయారీదారుల సంఘాలు శివకాశిలో కూర్చుని, పద్నాలుగు రకాల ముడిసరుకుల ధరలూ పెరిగాయని లెక్క చెప్పి, 2021 డిసెంబరు 1 నుంచి రెండు రూపాయలు చేశాయి. వస్తువు అదే, ఊరు అదే, ధర సరిగ్గా రెట్టింపు. అర్థశాస్త్రవేత్తకు ఇంతకంటే శుభ్రమైన సరుకు దొరకదు.

రెట్టింపు కావడానికి పద్నాలుగేళ్లు పట్టింది కదా, 72ని 14తో భాగించండి. ఐదుకు కాస్త పైన వస్తుంది. అంటే ఆ పెట్టె సగటున ఏడాదికి ఐదు శాతం చొప్పున ఖరీదెక్కింది. ఈ 72 చిట్కా చక్రవడ్డీకి అడ్డదారి. ఏడాదికి ఎంత శాతం పెరుగుతుందో తెలిస్తే దానితో 72ని భాగించండి, ఎన్నేళ్లలో రెట్టింపో వస్తుంది. ఏళ్లు తెలిస్తే శాతం వస్తుంది. కాగితం, కాలిక్యులేటరు అక్కర్లేదు. మా అత్త దీన్ని ఒక్కసారి విని పట్టేసింది. నాకు కాలేజీలో మూడు క్లాసులు పట్టింది.

ఇప్పుడు 2007లో చేతిలో ఒక వంద రూపాయలున్నాయనుకుందాం. ఆ రోజున అవి వంద అగ్గిపెట్టెలు. వాటిని డిబ్బీలో వేసి 2021 చివర పగలగొడితే వందనోటు చెక్కుచెదరదు, పెట్టెలు మాత్రం యాభై. ఎవరూ దొంగిలించలేదు, ఎలుకలు కొట్టలేదు, అయినా సగం పోయింది.

పొదుపు ఖాతాలో వేశారనుకోండి. అప్పట్లో మూడున్నర శాతం ఇచ్చేవారు. పద్నాలుగేళ్లూ అదే రేటు అనుకుంటే 162 రూపాయలు, అంటే 81 పెట్టెలు. అత్త నవ్వులోని నిజం ఇదే. వడ్డీ వచ్చింది, పందొమ్మిది పెట్టెలు పోయాయి. పోస్టాఫీసు పీపీఎఫ్‌లోనో, మంచి రేటున్న డిపాజిట్‌లోనో సగటున ఎనిమిది శాతం దొరికిందనుకుంటే 294 రూపాయలు, 147 పెట్టెలు. ఇక్కడ మొదటిసారిగా మనం అగ్గిపెట్టెను దాటాం.

షేర్ల సంగతి చూద్దాం. 2007 డిసెంబరు చివర సెన్సెక్స్ 20,287 దగ్గర ఉంది. అందరూ సంబరంగా ఉన్న సమయం, అంటే కొనడానికి అన్నిటికంటే చెడ్డ ముహూర్తం. 2009 మార్చి 9న అది 8,160కి పడింది. మన వంద రూపాయలు నలభై అయ్యాయి. ఆ రోజు అమ్మేసి, మళ్లీ జన్మలో ఈ జోలికి రానని ఒట్టు పెట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. పెట్టినవాడు మరిచిపోయి ఊరుకుని ఉంటే, 2021 చివర సెన్సెక్స్ 58,254. అంటే 287 రూపాయలు, దాదాపు 143 పెట్టెలు, డివిడెండ్లు అదనం. పద్నాలుగేళ్లు గుండె దడతో గడిపి పోస్టాఫీసు వాడి పక్కకు వచ్చి నిలబడ్డాడన్నమాట. అదే మనిషి ఒక్కసారిగా కాకుండా నెలనెలా కొద్దికొద్దిగా వేసి ఉంటే, 2009 నాటి చవక ధరలకు కూడా కొన్ని యూనిట్లు పడేవి, ఏడాది లెక్కన రాబడి ఇంతకంటే బాగుండేది. నెలవారీ సిప్‌లో ఉన్న తెలివి అంతా ఇదే. అందులో మంత్రమేమీ లేదు, ముహూర్తం చూసే బాధ తప్పుతుందంతే.

బంగారం? ఆ పద్నాలుగేళ్లలో నాలుగు రెట్ల పైమాటే అయింది. రెండు వందలకు పైగా పెట్టెలు. ఈ మాట వినగానే అత్త మెడలో గొలుసు సర్దుకుని నా వైపు చూసింది. చూపు అర్థమైంది. కానీ అందులోనూ ఒక మెలిక ఉంది. 2012 చివర పది గ్రాములు ముప్పై ఒక వేల చుట్టూ ఉంటే 2018 చివరా అక్కడక్కడే తిరిగింది. ఆరేళ్లలో ఒక్క అంగుళం కదల్లేదు. ఆ మధ్యలో పిల్ల పెళ్లికి అమ్ముకోవాల్సి వచ్చినవారికి నాలుగు రెట్ల కథ చెప్పి లాభం లేదు. పైగా అది నగ. కొన్నప్పుడు తరుగు, మజూరీ ఇస్తాం, అమ్మినప్పుడు ఆ రెండూ ఎవరూ తిరిగివ్వరు.

కాబట్టి ఏది ఎక్కువ ఇస్తుంది అన్న ప్రశ్నకు తేదీ లేకుండా జవాబు లేదు. ఆ డబ్బు మనకు ఏ రోజున కావాలి? రేపా, దీపావళికా, పిల్ల పెళ్లికా, మన ముసలితనానికా? ముందు ఈ రోజు తేలాలి, రేటు తర్వాత. రేపటి ఆసుపత్రి డబ్బును షేర్లలో పెట్టడం ఎంత పిచ్చో, ఇరవై ఏళ్ల తర్వాతి డబ్బును పొదుపు ఖాతాలో పడుకోబెట్టడం అంతే పిచ్చి. మొదటిదాన్ని జనం జూదం అంటారు. రెండోదాన్ని జాగ్రత్త అంటారు.

తమిళ ఇళ్లలో తాలింపు డబ్బాను అంజరైప్పెట్టి అంటారు, ఐదు అరల పెట్టె. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు దేని అర దానిది. ఆడవాళ్లు ఇంటి ఖర్చులో మిగిల్చి దాచుకునే డబ్బు కూడా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. దాని పేరు 'సిరువాడు'. మనకు పోపు డబ్బా డబ్బులన్నమాట. పప్పు డబ్బా అడుగున, చీర మడతలో, దేవుడి పటం వెనక. 2016 నవంబరు 8 రాత్రి ఐదు వందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నప్పుడు అది బయటికి రాక తప్పలేదు. ఎన్నో ఇళ్లలో భర్తలకు భార్యల ఆర్థిక స్తోమత ఆ వారమే తెలిసింది. ఆ తర్వాత సిరువాడు మళ్లీ పెరిగింది, ఈసారి కొత్త చోట్లలో.

సిరువాడును నేను తక్కువ చేయను. రేపటి అవసరానికి ఇంట్లో కొంత నగదు ఉండాల్సిందే. అంతకు మించినది బ్యాంకులో ఉండాలి, అదీ మూడు నాలుగు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా. పెట్టెల లెక్కలో అది నష్టమే. అగ్గి చల్లార్చే నీళ్లకు వడ్డీ అడగం కదా. అత్తకు రెండు ఖాతాలున్నాయి. ఒకటి పని చేసే చోట తెరిపించింది, ఒకటి ప్రభుత్వం ఆడవాళ్లకు నెలకు వెయ్యి రూపాయల మగళిర్ ఉరిమైత్తొగై 2023 సెప్టెంబరు 15న మొదలుపెట్టినప్పుడు పనికొచ్చింది. మొదటిదానిలో కనీస నిల్వ లేదని బ్యాంకు కొంచెం కొంచెం కోసుకుంటూ పోయింది. ఆమె గమనించేసరికి ఏడాది గడిచింది. ప్రాథమిక పొదుపు ఖాతా అని ఒకటుంటుంది, కనీస నిల్వ అక్కర్లేదు, అడిగితే ఇవ్వాలి. అడగకపోతే గుర్తుచేసే అలవాటు కౌంటర్లకు లేదు. డిపాజిట్ల మీద బీమా కూడా ఉంది, ఒక బ్యాంకులో ఒక మనిషికి వడ్డీతో కలిపి ఐదు లక్షల దాకా. 2020 ఫిబ్రవరికి ముందు అది లక్షే. అందుకని ఎనిమిది లక్షలున్నవాళ్లు రెండు బ్యాంకుల్లో పెట్టుకుంటే మంచిది. మా అత్తకు ఈ సమస్య లేదు.

కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు మీదుగా యాభై కిలోమీటర్లు ఉత్తరానికి పోతే విరుదునగర్. నూనె, పప్పులు, మిరపకాయల వ్యాపారపు ఊరు. అక్కడి నాడార్ వర్తకుల దగ్గర 'మగమై' అని ఒక ఏర్పాటు ఉండేది. సరుకు అమ్మినా కొన్నా బస్తాకు ఇంతని ఉమ్మడి నిధికి తీసి పెట్టడం. లాభం వచ్చాక చూద్దాంలే అన్న మాట ఉండదు, బస్తా కదిలితే మగమై పడుతుంది. అలాంటి డబ్బుతోనే 1889లో క్షత్రియ విద్యాశాల పెట్టారు. వండే ముందు ఇంటింటా పిడికెడు బియ్యం పక్కకు తీసి ఆ బడికి ఇచ్చేవాళ్లని, దాన్ని 'పిడి అరిసి' అనేవాళ్లని ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. గమనించాల్సింది ఆ పిడికెడు ఎప్పుడు తీశారన్నది. వండాక మిగిలినది ఇవ్వడం కాదది, వండే ముందే తీయడం. కుండలో ఒక పిడికెడు తగ్గితే ఇంట్లో ఎవరికీ తెలియదు. వండాక ఇవ్వాలంటే ఎవరిదో ఒకరి కంచం వైపు చూడాలి. నెల మొదట్లో జీతం పడ్డ రోజునే ఆర్‌డీకో సిప్‌కో డబ్బు తనంతట తానే వెళ్లేలా బ్యాంకుకు చెప్పి పెట్టడం ఈ పిడి అరిసే, బియ్యం లేదంతే.

ఆ అలవాటున్న వర్తకులే 1921లో తూత్తుకుడిలో నాడార్ బ్యాంకు పెట్టుకున్నారు. 1962లో అది తమిళనాడ్ మర్కంటైల్ బ్యాంకు అయింది, 2022లో షేర్ మార్కెట్‌కెక్కింది. పిడికిలి నుంచి షేర్ మార్కెట్ వీధి దాకా నూరేళ్ల పైమాటే. అదే విద్యాశాలలో చదువుకున్న కామరాజ్ మాత్రం ఈ పాఠం ఒంటబట్టించుకోలేదు. తొమ్మిదేళ్లు ముఖ్యమంత్రిగా ఉన్న మనిషి 1975లో పోయేనాటికి దగ్గరున్నది నూట ముప్పై రూపాయలు, నాలుగు చొక్కాలు, కొన్ని పుస్తకాలు అంటారు. రాజకీయ నాయకుడిగా గొప్పతనం. మన వ్యాసానికి పనికిరాడు.

ఇక చీటీ. తమిళంలో 'సీట్టు'. ఇది లేకుండా కోవిల్‌పట్టిలోనూ విరుదునగర్‌లోనూ ఎవరి పొదుపు కథా పూర్తి కాదు కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. ఇరవై మంది, నెలకు వెయ్యి, ఇరవై నెలలు. నెలకు ఇరవై వేలు పోగవుతాయి. ఐదో నెలలో ఒకామెకు అర్జెంటుగా డబ్బు కావాలి. పాటలో నాలుగు వేలు తగ్గించి పాడింది, పదహారు వేలు చేతికొచ్చాయి. వదులుకున్న నాలుగు వేలలో చీటీ నడిపేవాడి కమీషన్ వెయ్యి, అంటే మొత్తం ఇరవై వేల మీద ఐదు శాతం. మిగిలిన మూడు వేలు ఇరవై మందికీ పంచితే తలా నూట యాభై. ఆ నెల అందరూ కట్టేది 850. ఒకే చోట ఒకరికి అప్పు, మరొకరికి పొదుపు. పూచీకత్తు ఇరుగుపొరుగు. ఇంత తెలివైన యంత్రాన్ని ఏ బ్యాంకూ కనిపెట్టలేదు.

అందరికంటే చివర తీసుకున్నామె లాభం ఎంత? నెలకు సగటున వంద చొప్పున కలిసొచ్చిందనుకుంటే ఆమె కట్టింది పద్దెనిమిది వేలు, చివర చేతికొచ్చేది కమీషన్ పోను పందొమ్మిది వేలు. వెయ్యి లాభం. ఆ డబ్బంతా మొదటి రోజునే కట్టలేదు కాబట్టి, సగటున తొమ్మిది పది నెలలు ఉన్నట్టు లెక్క. ఏడాదికి ఏడు శాతం చుట్టూ తేలుతుంది. పోస్టాఫీసు ఆర్‌డీకి ఇరుగూ పొరుగూ. మరి ఆర్‌డీ కట్టడం మానేసినవాళ్లు చీటీ ఎందుకు మానరు? ఆర్‌డీ మానితే అడిగేవాళ్లుండరు. చీటీ మానితే సాయంత్రానికి గుమ్మంలో ఇద్దరుంటారు. మన పొదుపులో చాలా భాగం రేటు మీద కాకుండా పరువు మీద నడుస్తుంది.

అదే పరువు తిరగబడితే చీటీ నడిపేవాడు రాత్రికి రాత్రే ఊరు వదులుతాడు. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైన చీటీ అయితే అడగడానికి ఒక రిజిస్ట్రారైనా ఉంటాడు. 2019 సవరణతో కమీషన్ గరిష్ఠం ఏడు శాతం అయింది. వీధి చీటీకి రిజిస్ట్రారు అంటే మన గొంతే. అందుకని వీధి చీటీలో పోతే బతుకు తలకిందులు కానంత మాత్రమే వేయాలి. నాలుగు వేల చీటీ పోతే ఏడ్చి ఊరుకుంటాం, పిల్ల పెళ్లి డబ్బు పోతే ఏడుపుతో ఆగదు.

అప్పు వైపు వస్తే మన తెలుగువాళ్లకు ఒక మంచి కొలత ముందునుంచే ఉంది. నూటికి నెలకు రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ అంటాం. ఏడాదికి 12, 24 శాతం అన్నమాట. ఆంధ్రప్రదేశ్‌లో మహిళా సంఘాలకు 'పావలా వడ్డీ' అని పథకం పెట్టినప్పుడు మూడు శాతం అని ఎవరికీ వివరించాల్సిన అవసరం రాలేదు. ఏ అప్పునైనా ముందు ఈ భాషలోకి మార్చండి. బ్యాంకులో తొమ్మిదిన్నర శాతానికి దొరికే బంగారు తాకట్టు అప్పు ఎనభై పైసల వడ్డీ. 2021లో తమిళనాడు ప్రభుత్వం సహకార సంఘాల్లో ఐదు పవున్ల లోపు తాకట్టు అప్పులు మాఫీ చేసినప్పుడు అది సున్నా పైసలు కూడా అయింది. ఏడాదికోసారి మాఫీ వస్తుందన్న ఆశతో లెక్క వేసేవాళ్లకు మాత్రం ఏ సూత్రమూ పనిచేయదు.

ఇప్పుడు 'తండల్' చూడండి. చిన్న దుకాణాల వాళ్లకు రోజువారీ అప్పు. పది వేలని చెప్పి తొమ్మిది వేలు చేతిలో పెడతారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. "పది శాతమేనప్పా" అంటాడు ఇచ్చేవాడు. నిజానికి తొమ్మిది వేలూ వంద రోజులు మన దగ్గర ఉండవు. రోజూ కరుగుతూ పోతాయి, సగటున ఉన్నది సుమారు సగమే. ఆ సగం మీద, మూడు నెలల చిల్లరకు, వెయ్యి వడ్డీ. ఏడాదికి 75 శాతం దాటుతుంది. మన భాషలో ఆరు రూపాయల పైచిలుకు వడ్డీ. పది శాతమన్న మాటలో అబద్ధం లేదు, ఏడాదికి అన్న ఒక్క ముక్క లేదంతే. 2003లో తమిళనాడు అధిక వడ్డీల నిషేధ చట్టం చేసినప్పుడు రోజు వట్టి, గంట వట్టి, కందు వట్టి, మీటర్ వట్టి, తండల్ అని పేర్లు పెట్టి మరీ రాసింది. చట్టం పుస్తకంలో ఇన్ని రకాల వట్టి ఎక్కిందంటే వీధిలో ఎన్ని ఉండి ఉంటాయో.

బీమా గురించి క్లుప్తంగా చెబుతాను. ప్రధానమంత్రి సురక్షా బీమా ప్రమాదంలో పోతే రెండు లక్షలిస్తుంది, ఏడాదికి ఇరవై రూపాయలు. అంటే పది అగ్గిపెట్టెలు. మందూ నిప్పూ మధ్య పనిచేసే జిల్లాల్లో ఈ ఒక్క సంతకం పెట్టనివాళ్లు ఇంకా ఉన్నారు.

అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది, దానికి బీమా లేదు. అక్కడ కూలి అగ్గిపెట్టెల నుంచి, బోనస్ అగ్గిపెట్టెల నుంచి, చీటీలో తోటి సభ్యులు అగ్గిపెట్టెల వాళ్లే, అప్పిచ్చే అంగడి ఆ కూలి మీదే నడుస్తుంది. కార్ఖానా నెల రోజులు మూసేస్తే అన్నీ ఒకే రోజున ఆగిపోతాయి. పది రూపాయల ప్లాస్టిక్ లైటర్ ఇరవై అగ్గిపెట్టెల పని చేస్తోందని తయారీదారులు మొరపెట్టుకుంటే 2023 జూన్‌లో కేంద్రం ఇరవై రూపాయల లోపు లైటర్ల దిగుమతిని నిషేధించింది. నిషేధాలు వస్తాయి, పోతాయి. కూలి ఎక్కడి నుంచి వస్తుందో పొదుపు అక్కడ ఉండకూడదన్నది వాటితో పని లేని జాగ్రత్త. ఇండెక్స్ ఫండ్ అంటే ఏమిటని అత్త అడిగితే నేను ఇలాగే చెప్పాను: "అగ్గిపెట్టెల మీద ఆధారపడని యాభై వ్యాపారాల్లో తలా పిసరంత." ఆమెకు పిసరంత అన్న మాట నచ్చింది, ఫండ్ నచ్చలేదు.

నచ్చింది వేరే. మనవరాలు పుట్టిన ఏడాది, 2016లో, పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరిపించింది. అక్కడ దాన్ని సెల్వమగళ్ అంటారు. పదిహేనేళ్లు కట్టాలి, తెరిచిన ఇరవై ఒకటో ఏట చేతికొస్తుంది. 2024 నుంచి 8.2 శాతం ఇస్తున్నారు, రేటు మూడు నెలలకోసారి ప్రభుత్వం తిరగరాయవచ్చు. నెలకు ఐదు వందలు, ఒక్క నెల తప్పలేదు. పిల్ల చదువుకు, పెళ్లికి తప్ప మధ్యలో తీయనివ్వరన్నదే ఆమెకు అన్నిటికంటే నచ్చిన నిబంధన. కొడుకు అడిగితే ఏం చెప్పాలో పోస్టాఫీసే చెబుతోంది.

పాసుపుస్తకం బల్ల మీద తెరిచి పెట్టుకుని లెక్క వేశాను. ఖాతా పండేది 2037లో. పాత ఊపే కొనసాగితే 2035 చివరకు అగ్గిపెట్టె నాలుగు రూపాయలవుతుంది. దాన్ని బట్టి పిల్లకు వచ్చేది ఎన్ని పెట్టెలో చెబుదామని తల ఎత్తాను. అత్త పొయ్యి దగ్గర ఉంది. కాఫీకి గ్యాస్ వెలిగిస్తోంది, గోడకు వేలాడే లైటర్‌తో.

"ముప్పై ఏండ్లు పుల్లలు పేర్చినావు, నువ్వే ఇట్లా చేస్తే ఎట్లా అత్తా?" అన్నాను.

"అది దేవుడి దీపానికి ఉండాదప్పా," అంది, మంట తగ్గిస్తూ. "నువ్వు ఆ లెక్క బియ్యంలో చెప్పు."